బి.డి. విద్యలో తెలుగు స్థానం: ఒక చారిత్రక పరిశీలన

తెలుగు క్రైస్తవ సంఘ చరిత్రలో 1818వ సంవత్సరానికి రెండు విధాల ప్రాధాన్యం ఉంది. ఆ ఏడు బెంగాల్‌లోని సెరంపూర్ ముద్రణాలయం నుండి తెలుగు కొత్త నిబంధన వెలువడింది. ఆ ఏడే, ఆ ఊరిలోనే, ఆ మిషనరీల చేతుల మీదుగానే సెరంపూర్ కళాశాల ప్రారంభమైంది. ఈనాడు మన కాపరులలో అనేకుల పేరు పక్కన కనిపించే బి.డి. పట్టా ఆ కళాశాలకు లభించిన అధికారం నుండి వచ్చినదే. అంటే తెలుగు కొత్త నిబంధనకూ, మన గోడ మీది పట్టాకూ పుట్టిల్లు ఒక్కటే. అయినా ఒకటి తెలుగులో పెరిగింది, రెండవది ఇంగ్లీషులో పెరిగింది. ఇలా ఎందుకు జరిగింది, దీనివలన సంఘానికి కలిగిన లాభనష్టాలేమిటి అన్న విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలించదలిచాము. బి.డి. చదివి, గ్రామ సంఘాలలో సేవ చేస్తున్నవారిగా ఈ ప్రశ్న మాకు కేవలం చరిత్రకు సంబంధించినది కాదు.

సెరంపూర్ స్థాపకుల ఉద్దేశం

విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అనే ముగ్గురు ఈ కళాశాలను స్థాపించారు. వీరిలో కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టే పని నేర్చి, దానితో జీవనం సాగించినవాడు. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. 1807లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం ఆయనకు డి.డి. బిరుదు ఇచ్చింది. 1812లో సెరంపూర్ ముద్రణాలయంలో జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో రాతప్రతులు, అచ్చు అక్షరాలు కాలిపోయాయి. అయినా 1814లోనే ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది. అంతకు ముందు విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన ఆగస్టస్ డెగ్రాంజెస్, ఆనందరాయరు సహాయంతో సిద్ధపరచిన సువార్తలు కూడా సెరంపూర్‌లోనే అచ్చయ్యాయి.

కళాశాల విషయంలో ఈ ముగ్గురి ఆలోచన స్పష్టమైనది. దేశీయ యువకులు ప్రాచ్య సాహిత్యాన్నీ, పాశ్చాత్య విజ్ఞానాన్నీ అభ్యసించాలి. సంస్కృతానికి పెద్ద పీట ఉండాలి. బోధన ముఖ్యంగా దేశభాషలోనే సాగాలి. 1827లో డెన్మార్క్ రాజు ఆరవ ఫ్రెడరిక్ ఇచ్చిన రాజశాసనం ఈ కళాశాలకు పట్టాలు ప్రదానం చేసే అధికారాన్ని కట్టబెట్టింది. 1845లో డేన్‌లు సెరంపూర్‌ను బ్రిటిషువారికి అప్పగించినప్పుడు కూడా ఆ అధికారం చెక్కుచెదరలేదు.

అయితే ఈలోగా దేశంలో గాలి మారింది. 1830లో కలకత్తా చేరిన అలెగ్జాండర్ డఫ్ ఇంగ్లీషులో ఉన్నత విద్యను ప్రారంభించాడు. 1835లో ప్రభుత్వం కూడా ఆ పక్షమే వహించింది. సెరంపూర్‌కు దక్కిన అధికారం మాత్రం ఎనభై ఏళ్లకు పైగా వినియోగంలోకి రాలేదు. తిరిగి అది కదలికలోకి వచ్చే నాటికి ఉన్నత విద్య అంటే ఇంగ్లీషు విద్య అనే అభిప్రాయం దేశమంతటా స్థిరపడిపోయింది.

పట్టా లేని పండితులు

ఆ అధికారం నిద్రలో ఉన్న కాలంలో తెలుగు సంఘానికి దైవశాస్త్రం లేదని అనుకోరాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కాలాన్నే తీసుకుందాం. ఏ సెమినరీ పట్టా లేని ఆ కవి రాసిన కీర్తనల ద్వారానే మన సంఘాలు క్రీస్తు శరీరధారణను, సిలువను, పాపక్షమాపణను నేర్చుకున్నాయి. చదవడం రాని తల్లులు కూడా ఆ కీర్తనలను కంఠస్థం చేశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మన సంఘానికి మొదటి దైవశాస్త్ర గ్రంథమని అనడం అతిశయోక్తి కాదు.

అలాగే ఎర్రగుంట్ల పేరయ్యను తలచుకోవాలి. చర్మకార వృత్తిలో ఉన్న ఈ మాదిగ పెద్ద, భార్య నాగమ్మతో కలిసి 1866లో బాప్తిస్మం పొందాడు. ఆయన తన బంధువుల మధ్య తిరిగి చెప్పిన సాక్ష్యం ఒంగోలు ప్రాంతంలో గొప్ప ఉద్యమానికి నాంది అయింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చినవారు దేశీయ బోధకులే. చెప్పులు కుట్టిన కేరీకీ, తోలు పని చేసిన పేరయ్యకూ మధ్య ఉన్న ఈ పోలికను మన చరిత్రకారులు ఇంకా తగినంతగా గుర్తించలేదు.

ఇంతమంది విశ్వాసులకు బోధించేవారు కావాలి. ఆ అవసరం నుండే 1870ల తొలి సంవత్సరాలలో రామాయపట్నంలో బాప్టిస్టు సెమినరీ పుట్టింది. రాజమండ్రిలో లూథరన్లు లూథర్‌గిరిని నెలకొల్పారు. ఈ సెమినరీలలో చదువు తెలుగులో సాగింది. గ్రామాలకు ఉపదేశులను, బోధకులను తయారుచేయడం వాటి ధ్యేయం. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వి. ఎస్. అజరయ్య కూడా ఈ బాటనే అనుసరించాడు. ఆయన తమిళుడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా బి.ఏ. పట్టా పుచ్చుకోలేదు. డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. గురువులకే గాక వారి భార్యలకు కూడా శిక్షణ ఉండాలని పట్టుబట్టాడు. పల్లెలో కాపరి ఇంటిని చూసి జనం నేర్చుకుంటారన్నది ఆయన నమ్మకం.

రెండు దారులు

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో సెరంపూర్ అధికారం మేల్కొంది. జార్జి హోవెల్స్ ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలో ఉన్నత దైవశాస్త్ర విద్య ప్రారంభమై, 1915లో మొదటి బి.డి. పట్టాలు ఇవ్వబడ్డాయి. 1918లో బెంగాల్ శాసనసభ చేసిన సెరంపూర్ కళాశాల చట్టం ద్వారా వివిధ సంఘశాఖల ప్రతినిధులతో సెనేట్ ఏర్పడింది. అప్పటి నుండి దేశంలోని ఇతర సెమినరీలు కూడా దానికి అనుబంధంగా చేరే వీలు కలిగింది. 1910లో స్థాపించబడిన బెంగుళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ దక్షిణాదిలో బి.డి. చదువుకు ప్రధాన కేంద్రమైంది. తెలుగు పట్టభద్రులు బి.డి. కోసం బెంగుళూరు రైలెక్కడం ఆనవాయితీ అయింది.

ఈ ఏర్పాటువలన కలిగిన మేలు చిన్నది కాదు. మిషనరీ దయ మీద ఆధారపడని ప్రమాణం ఒకటి ఏర్పడింది. ఏ సంఘశాఖకు చెందినవాడైనా ఒకే పరీక్ష రాశాడు. హెబ్రీ, గ్రీకు భాషలు, సంఘచరిత్ర, ఇతర మతాల అధ్యయనం మనవారికి అందుబాటులోకి వచ్చాయి. పాశ్చాత్యుల పక్కన సమాన విద్యతో కూర్చుని మాట్లాడగల భారతీయ నాయకత్వం ఈ విద్య నుండే వచ్చింది.

కాని దీనితోపాటే దారి రెండుగా చీలింది. సెనేట్ పరీక్షలలో ఎల్.టి.హెచ్. వంటి కింది స్థాయి పరీక్షలను ప్రాంతీయ భాషలలో రాసే అవకాశం కలిగింది. బి.డి. చాలాకాలం ఇంగ్లీషులోనే ఉండిపోయింది. తెలుగులో చదివినవాడు పల్లెకు, ఇంగ్లీషులో చదివినవాడు పట్టణానికి, సెమినరీ బోధనకు, సంఘ కార్యాలయానికి అన్నట్టు తయారైంది. 1938లో తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభ, కాపరుల శిక్షణలోని లోపాన్ని క్రైస్తవ సేవ మొత్తంలో ఒక పెద్ద బలహీనతగా ఎత్తిచూపింది. ఆ తరువాత సి. డబ్ల్యు. రాన్సన్ ఈ విషయంపై దేశవ్యాప్త పరిశీలన చేసి, 1940లలో గ్రంథంగా ప్రకటించాడు.

ఐక్య కళాశాల, హైదరాబాదు పాఠం

స్వాతంత్ర్యం తరువాత సంఘాలు ఒకదానికొకటి దగ్గరయ్యాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 1964లో లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘాల శిక్షణ ప్రయత్నాలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీగా రూపుదిద్దుకున్నాయి. 1970ల తొలి సంవత్సరాలలో ఈ కళాశాల హైదరాబాదుకు, హుస్సేన్‌సాగర్ సమీపానికి తరలింది. రామాయపట్నం, లూథర్‌గిరి, డోర్నకల్ వాగులు ఒక ఏరుగా కలిసినట్టయింది. పాత నిబంధన పండితుడు విక్టర్ ప్రేమసాగర్ వంటివారు ఇక్కడ ప్రిన్సిపాలుగా పనిచేశారు. తరువాత ఆయన మెదక్ బిషప్పుగా, దక్షిణ ఇండియా సంఘ మోడరేటరుగా సేవ చేశారు.

కళాశాల చేరిన హైదరాబాదు నగరం ఈ భాషా సమస్యపై మనకొక పాఠం నేర్పగలదు. సెరంపూర్ చట్టం వచ్చిన 1918లోనే ఇక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించబడింది. అందులో వైద్యం, ఇంజనీరింగుతో సహా ఉన్నత విద్యను ఉర్దూలో బోధించారు. అది సాధ్యం కావడానికి కారణం ఆ ప్రభుత్వం ముందుగా అనువాద సంస్థను ఏర్పాటు చేసి, పాఠ్యగ్రంథాలు తయారు చేయించడం. దేశభాషలో ఉన్నత విద్య అసాధ్యమనే వాదనకు ఇదే జవాబు. అదే సమయంలో హెచ్చరిక కూడా. ఆ బోధన సాగింది ప్రభువుల భాషలో గాని, అధికసంఖ్యాకులైన తెలుగువారి భాషలో కాదు. 1968లో ఉన్నత విద్యకు తెలుగు పుస్తకాల కోసం తెలుగు అకాడమి ఏర్పడింది. ఈ చరిత్రంతా చెప్పేది ఒక్కటే: తీర్మానం చేసినంతమాత్రాన ఒక భాషలో పట్టా చదువు రాదు. పుస్తకాలు వస్తే చదువు వస్తుంది.

మన పుస్తకాల సంగతి ఏమిటి? మెదక్ అధ్యక్ష మండలంలోని పల్లె సంఘాలపై పి. వై. ల్యూక్, జాన్ కార్మన్ చేసిన అమూల్యమైన పరిశోధన 1968లో గ్రంథంగా వచ్చింది. అది ఇంగ్లీషు గ్రంథం. 1981లో బెంగుళూరులో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగం నుండి దళిత దైవశాస్త్రం ఒక ఉద్యమంగా రూపుదాల్చింది. 1982లో కె. విల్సన్ దళిత క్రైస్తవుల రెండింతల పరాయీకరణపై హైదరాబాదు నుండి పుస్తకం ప్రకటించాడు. అదీ ఇంగ్లీషులోనే. ఈ గ్రంథాల విలువను మేము తక్కువ చేయడం లేదు. ఇవి లేకుంటే మా పరిశోధనే లేదు. కాని ఎవరి వేదన గురించి రాశారో, వారు ఆ పుస్తకాన్ని చదవలేని స్థితి ఏర్పడింది.

ఒక ప్రశ్న, ఒక మాట

ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పుట సందర్భోచితం. బి.డి. ముగించుకుని మొదటిసారి కాపరిగా వెళ్లిన పల్లెలో, రోమా పత్రిక నాలుగవ అధ్యాయం మీద ప్రసంగించాము. నీతిమంతులుగా తీర్చబడుట అనే అంశంపై పరీక్షలో ఇంగ్లీషులో పేజీలకు పేజీలు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాము. లూథరు ఏమన్నాడో, ట్రెంటు మహాసభ ఏమన్నదో నాలుక చివర ఉంది. ఆరాధన ముగిశాక కూలి పని చేసుకునే ఒక మామ్మ వచ్చి, “అయ్యగారూ, తీర్చడమంటే అప్పు తీర్చినట్టా, తీర్పు తీర్చినట్టా?” అని అడిగింది. మేము జవాబు చెప్పలేకపోయాము. రెండూ అని గొణిగి తప్పించుకున్నాము.

ఆమె అడిగిన ప్రశ్నలోని లోతు మాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. దేవుడు పాపిని నీతిమంతుడని ప్రకటిస్తాడా, లేక నీతిమంతునిగా మారుస్తాడా అన్నది పదహారవ శతాబ్దిలో ఐరోపా సంఘాన్ని చీల్చిన వివాదం. మన తెలుగు క్రియ ఆ రెంటినీ ఒక్కచోట పట్టుకుంది. రచ్చబండ దగ్గర పెద్దలు తీర్పు తీరుస్తారు. ఒకరి అప్పు మరొకరు తీరుస్తారు. తల్లి బిడ్డను తీర్చిదిద్దుతుంది. న్యాయస్థానం, విమోచన, పరిశుద్ధత అనే మూడు చిత్రాలూ ఈ ఒక్క మాటలో వినిపిస్తాయి. గ్రీకు మాటలోని అర్థాలన్నీ ఇవేనని మేము అనడం లేదు. అనువాదపు మాటకు మూలానికి లేని అర్థాన్ని అంటగట్టడం వ్యాఖ్యాన దోషం. కాని వినేవారి చెవిలో ఆ మాట ఏయే అర్థాలను లేపుతుందో తెలియకుండా బోధించడం కూడా దోషమే. నాలుగేళ్ల చదువులో ఒక్కసారైనా ఆ మాటను తెలుగు మాటగా మేము విచారించి ఉండలేదు. అది మా గురువుల తప్పు కాదు. విచారించడానికి మా ముందు తెలుగు పుస్తకం లేకపోయింది.

ముగింపు

ఈ పరిశీలన నుండి కొన్ని విషయాలు తేలుతున్నాయి. ఒకటి, దేశభాషలో ఉన్నత దైవశాస్త్ర విద్య కొత్త కోరిక కాదు. సెరంపూర్ స్థాపకుల తొలి ఉద్దేశంలోనే అది ఉంది. రెండు, తెలుగులో చదువు అంటే తక్కువ చదువు అనే భావన దైవశాస్త్రం నుండి పుట్టలేదు. పంతొమ్మిదవ శతాబ్ది విద్యావిధానం నుండి పుట్టింది. మూడు, ఇంగ్లీషును తోసివేయడం పరిష్కారం కాదు. హెబ్రీ, గ్రీకు, ఇంగ్లీషు తలుపులు మూసుకుంటే మన ఇల్లే చీకటవుతుంది. నాలుగు, ఆ తలుపుల గుండా వచ్చిన వెలుగు తెలుగు పుస్తకంగా మారనంత కాలం అది పట్టా పొందినవారి గదిలోనే నిలిచిపోతుంది.

కాబట్టి బి.డి. చదువుతున్న యువతీ యువకులకు మా మనవి ఒక్కటే. మీ పరిశోధనా వ్యాసాన్ని ఏ భాషలో సమర్పించినా, దాని సారాన్ని పది పేజీల తెలుగులో రాయండి. రాసినదాన్ని మీ సంఘంలో చదివి వినిపించండి. అక్కడ అర్థం కాని వాక్యం ఉంటే, ఆ విషయం మీకూ ఇంకా పూర్తిగా అర్థం కాలేదేమోనని పరీక్షించుకోండి. అధ్యాపకులు ఆ పది పేజీలకు కూడా మార్కులు కేటాయించాలని కోరుతున్నాము. ఏటా పది మంది రాసినా, పదేళ్లలో ఒక చిన్న గ్రంథాలయం తయారవుతుంది.

ఆ మామ్మ ప్రభువునందు నిద్రించి చాలా కాలమైంది. ఆమె ప్రశ్నకు మేము ఇవ్వవలసిన జవాబు ఆలస్యంగానైనా తెలుగులో రాయడం మొదలుపెట్టాము. సంఘానికి మనం పడిన ఈ అప్పు తీర్చవలసిన బాధ్యత పట్టా పొందిన మనందరిపైనా ఉంది.