మెయిలు బండి మోసుకొచ్చిన కూడు

1927 అక్టోబరు. పలాస స్టేషనులో మద్రాసు మెయిలు ఆగింది. ఇంజను నీళ్ళు పట్టేలోగా టపా సంచులు దిగిపోయాయి. పొద్దెక్కాక పోస్టుమేను కొబ్బరితోటల మధ్య ఇసక దారి పట్టి ఉద్దానంలో ఒక ఊరు చేరాడు. ముసలమ్మ గడపలోంచి లేచి ఎదురెళ్ళింది.

"మా గుంటడు డబ్బులేటైనా పంపినాడా బాబూ?"

"నేదమ్మా."

"పోయిన నెలా నేదు. ఒంట్లో బాగుందో నేదో..."

"ఖరగ్‌పూర్‌లో కార్ఖానా మూసేసినారట. ఎవులికీ రానేదు."

ఈ తల్లికి నేను పేరు పెట్టలేదు. ఇది ఒక్క గడప కథ కాదు గనక. కార్ఖానా మూతపడ్డది మాత్రం ముమ్మాటికీ నిజం.

ఈ తీరానికి రైలు రాకముందు దూరాలు పోవాలంటే బారువ, కళింగపట్నం రేవుల్లో ఓడ ఎక్కాలి. 1893–96 మధ్య కటకం నుంచి బెజవాడ దాకా ఈస్ట్ కోస్ట్ లైను పడింది. అయినా కలకత్తా అందలేదు, మధ్యలో నదులు అడ్డం. కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ మీద వంతెన 1900 ఏప్రిల్‌లో తెరుచుకుంది. ఆగస్టు 15న హౌరా–మద్రాసు మెయిలు కదిలింది. దాదాపు 1,660 కిలోమీటర్ల దారి. దొరల ఉత్తరాల కోసం వేసిన బండి అది. మూడో తరగతి చెక్కబల్లల మీద మాత్రం మనవాళ్ళే కూర్చున్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు పెట్టడంతో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల కుర్రాళ్ళు అక్కడికి కదిలారు. గ్యాంగు కూలీలుగా, ఫిట్టర్లుగా, బాయిలరు దగ్గర మనుషులుగా కుదురుకున్నారు.

వాళ్ళ జీతం ఇంటికి చేరే దారి కూడా ఈ బండే. మనియార్డరు ఫారం కింద చిన్న కూపను ఉండేది. రెండు మాటలు రాసుకునే చోటు అదొక్కటే. పోస్టుమేను డబ్బు లెక్కపెట్టి, తల్లి వేలిముద్ర వేయించుకుని, కూపను చించి చదివి వినిపించేవాడు. "బాగున్నాను. వర్షాలు పడ్డాయా? చెల్లికి చీర కొను." ఆ తల్లి ఆ చీటీని దూలంలో దోపి దాచుకునేది.

1927లో కంపెనీ ఖరగ్‌పూర్‌లో మనుషుల్ని తీసేయడానికి పూనుకుంది. ఫిబ్రవరిలో ఒకసారి పోరు జరిగింది. సెప్టెంబరులో యాజమాన్యం గేట్లకు తాళం వేసింది. డిసెంబరు దాకా ఆ తాళం తియ్యలేదు. కార్మికుల ముందు నిలబడ్డవాళ్ళలో మన వి.వి.గిరి ఉన్నాడు. ఈ మెయిలు దారిలోనే ఉన్న బరంపురంలో పుట్టి, ఐర్లండులో లా చదివొచ్చిన మనిషి. తరవాత 1969లో రాష్ట్రపతి అయ్యాడు. చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరుంది, ఉండాల్సిందే. కానీ ఆ నెలల్లో ఖాళీ చేతులతో వచ్చే పోస్టుమేనును చూసి, చోడి అంబలి పలచన చేసుకుని పిల్లల్ని సాకిన ఆడవాళ్ళు కూడా ఆ పోరు చేసినవాళ్ళే అని నా నమ్మకం.

1977లో వచ్చిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ వేగంలో మెయిలును మించింది. పలాసలో ఆగకుండా పోయే బండి అది. మెయిలు ఆగుతుంది. అందుకే నాకు మెయిలే పెద్దది. ఇవాళ ఖరగ్‌పూర్‌లో ఆ కుర్రాళ్ళ మునిమనవలున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ. ఏటా మాతా పూజ చేసుకుంటారు.

ఇన్నేళ్ళ వలసకు మన దగ్గర మిగిలిన కాగితాలు తక్కువ. ఉద్దానంలో, టెక్కలిలో, నౌపడలో ఎవరింటి పాత పెట్టెలోనైనా ఖరగ్‌పూర్ ముద్రతో మనియార్డరు కూపను కనిపిస్తే పారేయకండి. వెనకాల తేదీ, పంపినవారి పేరు, ఊరు రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, చూపు ఆనుతుండగానే చూపించి, వాళ్ళు చెప్పింది కూడా కింద రాసిపెట్టండి.