గోడదూకుళ్లకు చట్టం ఎలా వచ్చింది?

ఫిరాయింపుల మాటెత్తితే అందరూ 1967 నాటి హర్యానా, అక్కడ పార్టీలు మార్చిన ఎమ్మెల్యే గయాలాల్ దగ్గర మొదలుపెడతారు. అంతకు పదిహేనేళ్ల ముందే మద్రాసు ఆ విద్య చూసింది.

1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 375 సీట్లలో కాంగ్రెసుకు దక్కినవి 152. టంగుటూరి ప్రకాశం పంతులు తాను ఓడిపోయినా కమ్యూనిస్టులు సహా కాంగ్రెసేతరులను కూడగట్టి, ప్రభుత్వం మాకివ్వండని అడిగారు. గవర్నరు శ్రీప్రకాశ వినలేదు. ఎన్నికల్లో పోటీయే చెయ్యని రాజాజీని మండలికి నామినేట్ చేసి గద్దెనెక్కించారు. ఇక బేరసారాలు. కాంగ్రెసును ఎదిరించి గెలిచిన కామన్‌వీల్ పార్టీకి ఉన్నది ఆరుగురే. దాని నాయకుడు మాణిక్కవేలు నాయకర్‌కు మంత్రి పదవి దక్కింది. 19 మంది ఉన్న టాయిలర్స్ పార్టీ మద్దతు పలికింది. జులై 3న విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 200, వ్యతిరేకంగా 151 ఓట్లు పడ్డాయి. కాంగ్రెసు వద్దని జనం వేసిన ఓట్లే కాంగ్రెసును నిలబెట్టాయి. ఓటరుకు జరిగిన ద్రోహమనే దీన్ని నేనంటాను.

అలా దెబ్బతిన్న పంతులుగారే మరుసటి ఏడాది ప్రజా సోషలిస్టు పార్టీని వదిలి, కాంగ్రెసు అండతో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనంటే ఎంత గౌరవమున్నా ఈ సంగతి దాచకూడదు.

1967లో ఫిరాయింపులు వరదలా వచ్చిపడ్డప్పుడు, దీన్ని తేల్చడానికి కమిటీ వెయ్యాలని లోక్‌సభలో తీర్మానం పెట్టింది మన నంద్యాల ఎంపీ పెండేకంటి వెంకటసుబ్బయ్య. చవాన్ కమిటీ వచ్చింది, నివేదిక ఇచ్చింది, చట్టం మాత్రం రాలేదు. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు ఎన్టీఆర్‌ను దింపడం దేశమంతా చూసింది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది: పార్టీ వదిలినా, విప్ ధిక్కరించినా సభ్యత్వం పోతుంది. అయితే ఒక పార్టీ మొత్తంగా అవతలి పక్షానికి మద్దతిస్తే చట్టం పట్టించుకోదు. అంటే 1952 నాటి కామన్‌వీల్ బేరానికి నేటికీ అడ్డు లేదు.

తీర్పు చెప్పే అధికారం స్పీకరుకు ఇవ్వడం ఇంకా పెద్ద లోపం. 2017 ఫిబ్రవరిలో పన్నీర్‌సెల్వంతో కలిపి 11 మంది అన్నాడీఎంకే ఎమ్మెల్యేలు చెన్నై సభలో సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. వాళ్ల జోలికి స్పీకరు ధనపాల్ పోలేదు. ముఖ్యమంత్రి మీద నమ్మకం లేదని గవర్నరుకు లేఖలిచ్చిన, అదే పార్టీలోని దినకరన్ వర్గం ఎమ్మెల్యేలు 18 మందిని మాత్రం సెప్టెంబరులో అనర్హుల్ని చేశారు. అప్పటికి పన్నీర్‌సెల్వం ఉప ముఖ్యమంత్రి.