పంజరం కడిగే పద్ధతి: ముందు సబ్బు, ఆ తర్వాతే బ్లీచింగ్

2025 ఫిబ్రవరిలో, షబె బరాత్ రోజుల్లోనే, ఏలూరు జిల్లా ఉంగుటూరు మండలం బాదంపూడిలో కోళ్లకు బర్డ్ ఫ్లూ అని తేలింది. తాడేపల్లిగూడేనికి దగ్గర ఊరే. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు వైపు కూడా ఆ నెలలోనే ఇదే హెచ్5ఎన్1 వైరస్ బయటపడింది. చికెన్ షాపుల ముందు జనం పలచబడ్డారు. పక్షులు పెంచుకునే ఇళ్లలో ఇంకో ప్రశ్న మొదలైంది: వరండాలో లవ్ బర్డ్స్ సంగతేంటి, డాబా మీద పావురాల సంగతేంటి?

ఇంటి లోపలే ఉండే లవ్ బర్డ్స్‌కి ముప్పు తక్కువే. కానీ ఇది కొల్లేరు పక్క ప్రాంతం. చలికాలంలో సరస్సుకు వలస పక్షులు దిగుతాయి. కొన్ని నీటి పక్షులు, ముఖ్యంగా అడవి బాతులు, పైకి ఆరోగ్యంగా తిరుగుతూనే ఈ వైరస్‌ని రెట్టలో వదలగలవు. అందుకే పంజరం చెట్టు కింద వేలాడదీస్తే పైన రేకో, మందపాటి పట్టానో కప్పాలి. చేపల చెరువు నీళ్లు, కాలవ నీళ్లు తాగడానికీ పెట్టకూడదు, కడగడానికీ వాడకూడదు.

ఇక కడగడం. చాలామంది చేసేది ఒకటే: ఎండిన రెట్ట మీదే బ్లీచింగ్ చల్లేసి, పని అయిపోయిందనుకోవడం. అది దండగ. రెట్ట, గింజల పొట్టు, ఈకల మడ్డి క్లోరిన్‌ని తినేస్తాయి, కింద ఉన్న క్రిమి అలాగే బతికిపోతుంది. వరస మారకూడదు. ముందు పక్షిని వేరే గదిలో ఇంకో పంజరంలో పెట్టాలి. మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు వేసుకుని పంజరాన్ని బయటికి తేవాలి. రెట్ట మీద నీళ్లు చిలకరించి నానబెట్టి, అప్పుడు గీకాలి. పొడిగా చీపురుతో ఊడిస్తే లేచే దుమ్మే అసలు ప్రమాదం. చిలక జాతి పక్షుల నుంచి మనిషికి సోకే సిటకోసిస్ అనే జ్వరం ఎక్కువగా ఆ దుమ్ము పీల్చడం వల్లే వస్తుంది. తర్వాత సబ్బు నీళ్లతో చువ్వలు, ట్రే, గిన్నెలు తోమి కడగాలి. వంటింటి సింకులో మాత్రం వద్దు.

మురికి పూర్తిగా పోయాకే బ్లీచ్. వారం వారం శుభ్రానికి లీటరు నీళ్లలో సుమారు 30 మి.లీ. లిక్విడ్ బ్లీచ్ చాలు. పక్షి జబ్బుపడినా, చచ్చిపోయినా ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలపాలి. ఈ లెక్క 4, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్‌కి. బ్లీచింగ్ పౌడరే ఉంటే లీటరుకు 15 గ్రాములు కలిపి, తేరిన పైనీళ్లు వాడొచ్చు. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిల్వ ఉంటే బలం పోతుంది. పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో బాగా కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. వాసన అసలు లేదనుకున్నాకే పక్షిని లోపలికి వదలాలి. చెక్క పుల్లలు బ్లీచ్‌ని పీల్చుకుంటాయి, వాటిని మార్చేయడమే మేలు.

బ్లీచ్‌లో బాత్రూం ఆసిడ్ గానీ, వెనిగర్ గానీ, అమోనియా ఉన్న క్లీనర్ గానీ కలపకూడదు. విషవాయువు వస్తుంది, మనిషికే ఊపిరాడదు. ఫినాయిల్ ఇళ్లలో అందరికీ అలవాటే కానీ పక్షికి అది విషం. నాఫ్తలీన్ ఉండలూ అంతే. ఒంటి సైజుతో పోలిస్తే పక్షి పీల్చే గాలి చాలా ఎక్కువ. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువు పసిగట్టడానికి 1986 దాకా కెనరీ పిట్టల్ని దించింది అందుకే. కాబట్టి దోమల కాయిల్, జుమ్మా రోజు వేసే ఊదు, లోబాన్ పొగ పంజరం ఉన్న గదిలో వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరి నిమిషాల్లో పక్షి ప్రాణం తీస్తుంది.

అడుగున వేసే కాగితం, నీళ్ల గిన్నె రోజూ మార్చాలి. అల్లాహ్ పేరు, ఆయతులు ఉండొచ్చని ఉర్దూ పేపర్ వేయరు చాలా ఇళ్లలో. ఖాళీ తెల్లకాగితమైతే ఆ బాధే ఉండదు. ఈ ప్రాంతపు తేమకి కొర్రలు ఇట్టే బూజుపడతాయి, ఆ బూజు పక్షి ఊపిరితిత్తులకు చేటు. బూజు వాసన వస్తే జల్లించి వాడదామని చూడకుండా పారేయాలి.

పక్షి ఉన్నట్టుండి చచ్చిపోతే ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, కాలవలో వేయకూడదు. దగ్గర్లోని పశువైద్యశాలకు చెప్పాలి. పెరటి కోడి తూలుతుంటే "పోయేలోపే జబహ్ చేసేద్దాం" అనే తొందర కొన్ని ఇళ్లలో ఉంది. ఇది నిజంగా ప్రమాదం. జబ్బు కోడిని కోసి ఈకలు పీకేటప్పుడే వైరస్ చేతికీ కంటికీ అంటేది. 2025లోనే పల్నాడు జిల్లాలో ఒక పసిపాప హెచ్5ఎన్1తో చనిపోయింది.

పంజరం కడిగిన వారం, రెండు వారాల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు పట్టుకుంటే ఇంట్లో పక్షులున్న సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. సిటకోసిస్‌కి మందు ఉంది, కానీ ఎవరూ చెప్పకపోతే ఆ అనుమానమే రాదు.