తలంటు: ఎన్నూరు వైపు మన ఒంటి చరిత్ర

మన తెలుగువాళ్ళ చరిత్ర అనగానే రాజులు, కవులు, గుళ్ళు గుర్తొస్తాయి. ఒంటి చరిత్ర ఎవరూ రాయరు. ఎన్నూరు వైపు స్థిరపడిన మనలాంటి కుటుంబాలు మాత్రం దాన్ని చెప్పుకోవాలి. మన పెద్దల్లో చాలామంది ఇక్కడికి వచ్చింది ఒళ్ళు వంచి బతకడానికే కదా.

ముందు కాలువ సంగతి. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా ఉప్పునీటి కాలువ తవ్వారు. తర్వాత అది పులికాట్ మీదుగా ఆంధ్ర తీరం పొడుగునా సాగింది. 1877-78 కరువు రోజుల్లో కూలి పనిగా మద్రాసు ఊళ్ళో ముక్క తవ్వించి, మొత్తానికీ గవర్నరు బకింగ్‌హామ్ పేరు పెట్టారు. నెల్లూరు వైపు నుంచి సరుకు పడవలు ఈ నీళ్ళ మీదే వచ్చేవి. గాలి లేకపోతే తెరచాప పనికిరాదు. గట్టు మీద మనుషులు భుజానికి తాడు వేసుకుని లాగాలి, లేదా గెడ వేసి నెట్టాలి. భుజాలు, నడుము, పిక్కలు హూనమయ్యే పని.

తర్వాత కర్మాగారాలొచ్చాయి. 1948లో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలండ్ అయింది. 1970లో మొదలైన ఎన్నూరు థర్మల్ విద్యుత్ కేంద్రం 2017లో మూతపడింది. తాడు పోయి షిఫ్టు వచ్చింది గానీ, నొప్పి మాత్రం అక్కడే ఉండిపోయింది: మెడ, నడుము, పిక్కలు.

దానికి ఇంట్లో ఉన్న మందు తలంటు. శుక్రవారం ఆడవాళ్ళకి, శనివారం మగవాళ్ళకి. గోరువెచ్చని నువ్వుల నూనె మాడు మీద పెట్టి అదిమి, కణతలు, చెవుల వెనక, మెడ, భుజాలు, వెన్ను, చివరికి అరికాళ్ళు. ఆ తర్వాత సున్నిపిండి, శీకాయ, వేణ్ణీళ్ళు. ఇరుగుపొరుగు తమిళులకీ ఇదే అలవాటు. వాళ్ళ సిద్ధ వైద్యంలో మర్దనని ‘తొక్కణం’ అంటారు. తట్టడం, నొక్కడం, పట్టడం, లాగడం లాంటివి అందులో తొమ్మిది రకాలు. మన ఆయుర్వేదంలో చరకుడు నూనె పట్టిన ఒంటిని బండి ఇరుసుతో పోల్చాడు. లారీల ఊళ్ళో ఆ పోలిక ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

అయితే తలంటులో అసలు గొప్ప నూనెది కాదు, చేతిది. మా ఇంట్లో నాయనమ్మ వేళ్ళు భుజం మీద ఒకచోట ఆగేవి. “ఇక్కడ రాయిలా ఉందే, ఏం మోశావురా?” అనేది. అప్పటిదాకా అక్కడ బిగుసుకుపోయి ఉందని మనకే తెలియదు. తెలిసిన మరుక్షణం భుజం దానంతటదే కిందికి దిగేది. షికాగోలో ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే వైద్యుడు 1929లో ‘ప్రోగ్రెసివ్ రిలాక్సేషన్’ పుస్తకంలో చెప్పిందీ ఇలాంటిదే. ఒక్కో కండరాన్ని కావాలని బిగించి, వదిలి, ఆ తేడా గమనించడం నేర్చుకోవాలన్నాడు. బిగువు ఎక్కడుందో తెలియనివాడు దాన్ని వదలలేడు.

వారానికోసారి తలంటు సరే, మిగతా రోజుల మాటేమిటి? అక్కడే మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు వస్తారు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1914లో మద్రాసు చేరారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి దాన్ని అందరికీ అలవాటు చేశారు. ఆ డబ్బుతోనే ‘ఆంధ్రపత్రిక’ని నిలబెట్టారు. అంటే నొప్పులకి రాసుకున్న పసుపు పచ్చ మందు తెలుగువాళ్ళ పత్రికకి కూడా బలమిచ్చిందన్నమాట. అయితే ఒకటి: అమృతాంజనం ఎవరికి వాళ్ళు రాసుకోవచ్చు. తలంటుకి ఇంకో మనిషి చెయ్యి కావాలి.

ఇప్పుడు మన పిల్లలు తాళ్ళు లాగడం లేదు. రోజంతా కంప్యూటరు ముందు మెడ వంచుకు కూర్చుంటున్నారు. బిగువు అదే, చోటూ అదే. తలంటు మాత్రం ఉగాదికీ దీపావళికీ మిగిలింది, అదీ మాడు మీద మూడు చుక్కలు. వేళ్ళతో తడిమి “ఇక్కడే” అని చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఈ విద్య ఫోటోలో దాచుకునేది కాదు, చేతి నుంచి చేతికి రావలసిందే.

కాబట్టి వచ్చే శనివారం నూనె వెచ్చబెట్టండి. జ్వరం, వాపు, ఎముక దెబ్బ ఉంటే మాత్రం మర్దన వద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే పిల్లల చేతులు ఆవిడ చేతుల కింద పెట్టించండి. ఎంత గట్టిగా నొక్కాలో, ఎక్కడ ఆగాలో ఆవిడే చూపిస్తుంది. తర్వాత ఆవిడ్ని కూర్చోబెట్టి, ఆవిడ పాదాలకి వాళ్ళ చేత నూనె రాయించండి.