ప్లాస్టిక్ శేషేంధనము – నెల్లూరు తీరము

పునరుపయోగమునకు పనికిరాని ప్లాస్టిక్ వ్యర్థములను, వానిని గాలి చొరని పాత్రలో కాచి నూనె తీయగా మిగిలిన బొగ్గును తునియలు చేసి, ఊక, గుడ్డపీలికలు మొదలగు దహనశీల పదార్థములతో మేళవించి, యంత్రమున నదిమి గుళికలుగానో ఇటుకలుగానో రూపొందించిన ఘనేంధనము. పురపాలక వ్యర్థములనుండి సిద్ధమగు ఇట్టి ఇంధనమును వ్యవహారమున ఆర్.డి.ఎఫ్. అందురు.

శుద్ధమైన పాలిథీన్ కిలో ఒక్కింటికి ఇంచుమించు 11,000 కిలోకేలరీల వేడిమి నొసగును. మన దేశపు సామాన్యమైన థర్మల్ బొగ్గు అందు సగమైనను ఈయజాలదు. అయినను ఆ లెక్కతో నూనె తీయగా మిగిలిన శేషద్రవ్యమును కొలువరాదు. ప్లాస్టిక్‌లో కలిపిన సుద్దయు, రంగులయందలి లోహాంశములును నూనెతో పోక ఆ శేషమునందే పోగుపడుటచే, దాని వేడిమి తగ్గి బూడిద హెచ్చును.

ఇంధనమును పరప్రాంతములకు పంపుట ఈ తీరమునకు క్రొత్త గాదు. శ్రీహరికోట అడవుల వంటచెరకు బకింగ్‌హాం కాలువలో పడవలపై మదరాసుకు పోయెడిది. ఇసుక నేలల సరుగుడు తోపులు నేటికిని కలప నిచ్చుచున్నవి. బియ్యపు మిల్లుల బాయిలర్లు ఊకతో మండుచున్నవి. ఇప్పుడు రొయ్యల చెరువుల మేత సంచులును, చినిగిన ప్లాస్టిక్ పట్టలును, ఊళ్లనుండి కాలువలవెంట కొట్టుకొనివచ్చు కవర్లును వీనికి తోడైనవి.

కాని ఇచ్చట ప్రధాన విఘ్నము క్లోరిన్. శుద్ధమైన పి.వి.సి. బరువులో సగమునకు పైగా అదియే. అదిగాక, మైపాడువంటి తీరములలో ఏరిన ప్లాస్టిక్ ఇసుకతోపాటు సముద్రపుటుప్పును గూడ మోసికొనివచ్చును. క్లోరిన్ బాయిలరు గొట్టములను తినివేయును. వేడిమి చాలని పొయ్యిలో డయాక్సినులను విషములను పుట్టించును. కావుననే 2018 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకములు ఉత్తమశ్రేణి ఆర్.డి.ఎఫ్.లో దానిని అర శాతమునకు లోబరచినవి. మిల్లు బాయిలర్లలోను, ఇటుక బట్టీలలోను ఈ ఇంధనమును వాడుట, ఎంత చౌకయైనను, ప్రమాదకరము. సిమెంటు కొలిమి వేరు: అందు ముడిసరుకు 1,450 డిగ్రీల వరకు కాగును, సున్నము ఆమ్లవాయువులను పీల్చుకొనును, బూడిద క్లింకరులో లీనమగును.

ఆర్.డి.ఎఫ్. కర్మాగారమునకు 100 కిలోమీటర్ల లోపలి పరిశ్రమలు తమ ఇంధనములో కనీసము 5 శాతము దానినే వాడవలెనని 2016 నాటి ఘనవ్యర్థ నియమములు విధించినవి. నెల్లూరున కర్మాగారము నెలకొల్పినచో కడప జిల్లాలోని ఎఱ్ఱగుంట్ల సిమెంటు కొలుములు ఆ హద్దునకు వెలుపల పడును. హద్దులోనున్న నేలటూరు దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రపు బాయిలర్లు బొగ్గుపొడికై నిర్మితములు, గుళికలకై గావు. ఇక ఒడ్డున దొరికిన సరుకును మంచినీట కడిగినచో ఉప్పు పోవును గాని, ఆ నీటిని శుద్ధిచేయు ఖర్చు మీదపడును. కావున సముద్రము చేరకమున్నే, ఊరిలోనే వేరుచేసిన ప్లాస్టిక్ ఇందులకు శ్రేష్ఠము. మత్స్యకారుల నైలాన్ వలలను మాత్రము ఈ రాశిలో చేర్చరాదు. అవి మరల కరిగించి వాడదగినవి.