నగర షరీఫ్ (ఐర్లాండ్)

ఐర్లాండ్‌లో షరీఫ్ అంటే కౌబాయ్ సినిమాల్లోలా తుపాకీ పట్టిన పోలీసు కాదు, కోర్టు తీర్పులను అమలుచేసే అధికారి. 1548లో ఆరవ ఎడ్వర్డ్ ఇచ్చిన సనదుతో డబ్లిన్ నగరం తానే ఒక కౌంటీ అయింది. అప్పటిదాకా ఉన్న బెయిలిఫ్‌ల స్థానంలోకి షరీఫులు వచ్చారు.

స్వతంత్రం వచ్చాక, 1926 చట్టంతో షరీఫుల పనులు క్రమంగా కౌంటీ రిజిస్ట్రార్ల చేతికి వెళ్లాయి. 1945 చట్టం మాత్రం డబ్లిన్, కార్క్‌లలో పదవిని మళ్లీ నిలబెట్టింది: రెండుచోట్లా నగరానికొకరు, కౌంటీకొకరు.

బాకీదారు సామాను జప్తుచేసి అమ్మడం, ఇల్లు ఖాళీ చేయించి హక్కుదారుకు అప్పగించడం, పన్ను బకాయిలు రాబట్టడం వీరి పని. జప్తుకూ హద్దుంది. కట్టుబట్టలు, పరుపులు, వృత్తి పనిముట్లను 15 పౌండ్ల విలువ మేరకు ముట్టుకోకూడదని 1926లో రాశారు. ఆ మొత్తానికి నేడు ఏ వడ్రంగి పెట్టె నిండుతుంది?

పార్లమెంటు ఎన్నికలప్పుడు డబ్లిన్, కార్క్‌లలో రిటర్నింగ్ అధికారి బాధ్యత కూడా షరీఫుదే.