హృదయానికి కావలి

విశ్వాసికి దిగులే ఉండకూడదని కొందరు బోధిస్తారు. మేము అలా చెప్పలేము. చింతపడవద్దని ఫిలిప్పీయులకు వ్రాసిన అపొస్తలుడైన పౌలు అప్పుడు బంధకాలలో ఉన్నాడు. ఆ సంఘం తన యొద్దకు పంపిన ఎపఫ్రొదితు రోగియై చావుకు సిద్ధమైన సంగతి చెబుతూ, తన దుఃఖాన్ని 2వ అధ్యాయంలో దాచుకోలేదు.

దేవుని సమాధానం మనకు కావలి ఉంటుందని 4వ అధ్యాయం 7వ వచనం చెబుతుంది. గ్రీకు మూలంలో అది సైనికుల కాపలాకు వాడే మాట. క్రీ.పూ. 42 నాటి యుద్ధం తరువాత రోమా మాజీ సైనికులు స్థిరపడిన పట్టణం ఫిలిప్పీ. శత్రుభయం లేనిచోట కావలితో పనిలేదు. శ్రమలు గుమ్మం బయట ఉండగానే క్రీస్తు సమాధానం మన హృదయాలను కాస్తుంది.

దానికి మార్గం 6వ వచనంలోనే ఉంది: ప్రార్థన, విజ్ఞాపన, కృతజ్ఞత.

స్కానింగ్ రిపోర్టు కోసం ఎదురుచూసేవారు, అప్పు వాయిదా తలచుకొని నిద్రపట్టనివారు మన సంఘాల్లో ఉన్నారు. విశ్వాసం చాలలేదని వారిని గాయపరచవద్దు. వారి అక్కర అడిగి తెలుసుకొని, వారితో కలిసి ప్రార్థిద్దాం. దిగులు వ్యాధిగా మారితే వైద్యుని యొద్దకు తోడు వెళ్దాం. ఫిలిప్పీ సంఘం చెరలో ఉన్నవాని యొద్దకు ఒక సహోదరుని పంపింది. ఈ వారం మనమూ ఒక ఇంటి తలుపు తడదాం.